రాత్రికి రాత్రి రాని విద్య

తిరుపతి, తెల్లవారుజాము నాలుగున్నర. శేషాచలం కొండల మీద ఘాట్ రోడ్డు దీపాలు మెలికలు తిరుగుతూ కనిపిస్తున్నాయి. కింద పశువైద్య కళాశాల హాస్టల్ కిటికీల్లో అక్కడక్కడా లైట్లు వెలుగుతున్నాయి. అవి పొద్దున్నే లేచినవాళ్ళవి కావు, రాత్రి నుంచి ఇంకా పడుకోనివాళ్ళవి. ఇంటర్నల్ పరీక్షల వారం ఇది.

ఎన్‌సీసీ గుర్రపుశాలలో మాత్రం అప్పుడే పొద్దు పొడిచినంత సందడి. లోపల అడుగు పెట్టకముందే లద్దె, ఎండుగడ్డి, నూనె పట్టించిన తోలు కలిసిన వాసన ఎదురొస్తుంది. బకెట్టు చప్పుడు వినగానే ఒక్కో అరలోంచి ఒక్కో తల బయటికొస్తోంది. చివరి గుర్రం సకిలిస్తోంది. దాని పక్కది ముందుకాలితో నేలను గీరుతోంది. గుర్రాలను చూసుకునే తాత నానబెట్టిన ఉలవలు, తవుడు కలిపిన దానా తొట్లలో పోసుకుంటూ వెళ్తున్నాడు. తర్వాత కాసేపు నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

ఇంత పొద్దున్నే ఎందుకంటే, గుర్రం పొట్ట అలాంటిది. నాలుగైదు వందల కిలోల జంతువు, దాని జీర్ణాశయంలో పట్టేది ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు. ఆవులాగా నింపుకుని తీరిగ్గా నెమరు వేసుకోలేదు. మనిషిలాగా వాంతి చేసుకుని తేలికపడనూ లేదు. కొంచెం కొంచెంగా, చాలాసార్లు, వేళకు తినాలి. తిన్న వెంటనే పరుగెత్తించకూడదు, గంటన్నా ఆగాలి. లెక్క తప్పితే కడుపునొప్పి వస్తుంది, గుర్రాల ప్రాణాలు తీసే జబ్బుల్లో అది ముందు వరసలో ఉంటుంది. అందుకని ఆరింటికి సవారీ ఉంటే నాలుగున్నరకే దానా పడిపోవాలి. పదింటికి ఎవరికో జెనెటిక్స్ పరీక్ష ఉందన్న సంగతి ఆ పొట్టకు తెలియదు.

ఐదుంపావుకి ఆ అమ్మాయి వచ్చింది. బీవీఎస్సీ రెండో ఏడు, ఎన్‌సీసీ క్యాడెట్. జడను బిగించి ముడేసుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఏం పాపా, రాత్రంతా మేలుకున్నట్టుండావే?"

"లేదు తాతా, పడుకున్నా." ఎంతసేపన్నది తాత అడగలేదు.

ఆమె గోధుమరంగు ఆడగుర్రం దగ్గరికి భుజం వైపు నుంచి వెళ్ళింది. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ ముక్కుకు సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనక కనిపించదు. మెడ మీద చెయ్యి వేసి, మాట్లాడుతూనే రబ్బరు దువ్వెన తీసింది. గుండ్రంగా తిప్పుతూ రుద్దుతుంటే దుమ్ము లేస్తోంది. తర్వాత బ్రష్. వీపు మీద, పొట్ట కింద, జీను పట్టీ ఒరుసుకునే చోట అరచేత్తో ఒకసారి తడిమింది. చిన్న పుండు ఉన్నా, ఎక్కడైనా వేడి తగిలినా చేతికే తెలియాలి. కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తించి, డెక్క లోపలి మట్టిని మడమ వైపు నుంచి ముందుకు గీకి తీసింది. మధ్యలో ఫ్రాగ్ అనే మెత్తని త్రికోణం ఉంటుంది, దానికి కొక్కెం గుచ్చుకోకూడదు. ఎడమ ముందుకాలి డెక్కలో ఇరుక్కున్న గులకరాయి బయటపడింది. అది చూడకుండా జీను వేసి ఎక్కేసి ఉంటే పది నిమిషాల్లో గుర్రం కుంటేది.

ఇదంతా అరగంట పని. పరీక్ష రోజున కోత వేద్దామని మనసు మొదట చూసేది ఈ అరగంట వైపే. వేయకూడని కోత కూడా ఇదే.

ఉస్తాద్ వచ్చాడు. సైన్యం నుంచి వచ్చిన సవారీ శిక్షకుడు, ఆజ్ఞలన్నీ హిందీలోనే. మైదానంలో అడ్డకర్రలు నిలబెట్టి ఉన్నాయి. ఇవ్వాళ దూకించాలని ఆమె పట్టుదల. జనవరి 26 శిబిరానికి ఢిల్లీ వెళ్ళే క్యాడెట్ల ఎంపిక దగ్గర పడుతోంది. ఆయన జీను పట్టీ బిగువు చూశాడు, రికాబు పొడవు చూశాడు, ఆమె ముఖం చూశాడు. రాత్రి ఎంతసేపు పడుకున్నావని అడిగాడు. మూడు గంటలంది. దూకుడు లేదు, నడక, ట్రాట్ అంతే అన్నాడు. ఆమె పెదవి బిగిసింది. "ఒక్క వరసైనా, ఉస్తాద్..." ఆయన అప్పటికే కర్రలు దించేయడానికి వెళ్తున్నాడు.

ఆయన చేసింది సరైన పని. చదువుకీ సవారీకీ మధ్య పంచాయితీ వచ్చినప్పుడు ముందు బలయ్యేది నిద్రే. పుస్తకం ముందు కునికితే ఒక పేజీ పోతుంది. గుర్రం మీద తూలితే పట్టు అర క్షణం ఆలస్యమవుతుంది, ఆ అర క్షణంలో కాలర్ ఎముక విరగొచ్చు. హెల్మెట్ పట్టీ చూసినంత శ్రద్ధగా నిద్ర సంగతి అడిగే శిక్షకులు ప్రతి మైదానంలోనూ ఉండాలి.

ఎడమ వైపు నుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కింది. మొదటి పది నిమిషాలు ఒట్టి నడక, పగ్గాలు వదులుగా. నాలుగు డెక్కలూ ఒక్కొక్కటిగా నేలను తాకుతున్నాయి. కంచె పక్కన నిలబడితే ఆ నాలుగు దెబ్బలూ విడివిడిగా వినిపిస్తాయి. తర్వాత ట్రాట్. చప్పుడు రెండు దెబ్బలకు మారింది. ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా లేస్తున్నాయి. గుర్రం బయటి భుజం ముందుకు వెళ్ళినప్పుడల్లా ఆమె జీను మీద లేస్తోంది, వెనక్కి వచ్చినప్పుడు కూర్చుంటోంది.

"ఏడీ నీచే! నజర్ సామ్‌నే!"

మడమ దిగింది, చూపు లేచింది. ఒక చుట్టు చక్కగా వచ్చింది. రెండో చుట్టు మలుపులో గుర్రం లోపలికి వాలిపోయింది. ఆమె కాలు మెత్తబడింది, చూపు ఎక్కడో ఉంది. జన్యువుల నిష్పత్తుల లెక్క ఏదో తలలో తిరుగుతోందని కంచె బయటి మనకే అర్థమవుతోంది. వీపు మీద ఉన్న మనిషి బరువు ఇసుమంత పక్కకు జరిగినా గుర్రానికి ముందే తెలుస్తుంది. అది నెమ్మదించింది, ఒక చెవి వెనక్కి తిప్పింది. ఆమె పొడవుగా ఊపిరి వదిలి, నడుము సరిచేసుకుని, లోపలి కాలితో చిన్నగా నొక్కింది. గుర్రం మళ్ళీ గీత మీదికొచ్చింది.

గుర్రపు స్వారీ చదువుకు సాయపడుతుందని, ఏకాగ్రత పెంచుతుందని చాలామంది రాస్తారు. ఇవ్వాళ్టి పరీక్షలో ఈ గుర్రం ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టదు. అలా తెచ్చిపెట్టాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. ఒక అమ్మాయి గుర్రాన్ని ప్రేమించడానికి ఆ ప్రేమే చాలు, దానికి మార్కుల లిస్టు సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు గుర్రం కాళ్ళు చూడండి. ముందుకాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుతో సమానమైన కీలు. ఆ కిందంతా ఒకే ఒక వేలు, నడిమి వేలు. దాని గోరే డెక్క. ఆ కీలుకు దిగువన కండ దాదాపు లేదు. ఎముకలు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు, పైనున్న కండరాల లాగుడును కిందికి చేరవేసే టెండన్లు, అంతే. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ఒక్కో ముందుకాలు ఒంటి బరువుకు రెండున్నర రెట్ల భారాన్ని క్షణకాలం మోస్తుంది. వ్యాయామం మొదలుపెట్టిన కొన్ని వారాలకే గుండె, కండ పుంజుకుంటాయి. రక్తప్రసరణ తక్కువైన టెండన్‌కు, ఎముకకు నెలలు పడుతుంది. ఇక్కడే ప్రమాదం ఉంది. గుర్రం హుషారుగా ఉంటుంది, ఊపిరి బాగుంటుంది, కాలు మాత్రం ఇంకా సిద్ధంగా ఉండదు. టెండన్ తెగిందా, మళ్ళీ మామూలు పనికి రావడానికి ఏడాది పట్టొచ్చు.

మన విద్యార్థి జీవితం నడిచేది దీనికి పూర్తిగా వ్యతిరేకంగా. సెమిస్టరంతా వదిలేసి చివరి రాత్రి టీ తాగి బట్టీ కొట్టినా పాసయ్యే మార్గం ఉంది. పరీక్ష అయ్యాక మరిచిపోయినా అడిగేవాళ్ళుండరు. ఆ అలవాటును గుర్రం దగ్గరికి తెచ్చామా, పదిహేను రోజులు మానేసి ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు దౌడు తీయించి లెక్క సరిచేద్దామనుకుంటాం. ఆ బాకీ గుర్రం తన కాలితో కడుతుంది. రోజుకు నలభై నిమిషాలు, అదీ కుదరకపోతే ఇరవై నిమిషాలు పగ్గం పట్టి నడిపించడం, ఇదొక్కటే దారి. చదువుతో పాటు సవారీ చేసేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: తగ్గించండి, దాచిపెట్టి ఒకేసారి చేయకండి.

ఏడుంపావు. సవారీ అయిపోయింది గానీ పని కాలేదు. దిగి, జీను పట్టీ రెండు రంధ్రాలు వదులు చేసి, గుర్రాన్ని నడిపిస్తోంది. మెడ మీద చెమట మెరుస్తోంది, ముక్కుపుటాలు విచ్చుకుని మూసుకుంటున్నాయి. ఆమె చేతి గడియారం వైపు చూసింది. స్నానం, మెస్, చివరిసారి నోట్సు, అన్నీ అటు పిలుస్తున్నాయి. అయినా దవడ కింద ధమని మీద వేళ్ళుంచి నాడి లెక్కపెట్టింది. తీరుబడిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. ఇంకా ఎక్కువే ఉంది. మరో రెండు చుట్లు. డొక్కల కదలిక నెమ్మదించాక మళ్ళీ లెక్కపెట్టింది. ఇప్పుడు పర్వాలేదు. నీళ్ళు పెట్టింది, జీను కింద తడిసిన వెంట్రుకలను గడ్డి కట్టతో రుద్దింది. తాత కళ్ళెం అందుకుంటూ, "ఇంగ పోమ్మా, పరీక్ష ఉండాది గదా, మిగతాది నేను జూసుకుంటా" అన్నాడు.

మెస్‌లో ఇడ్లీ ప్లేటు పక్కన ఫోన్ మోగింది. అమ్మ. "గుర్రం సంగతి తరవాత, లెక్కలన్నీ చూసుకున్నావా?" చూసుకున్నానమ్మా అంది. పడిపోతావేమోనన్న భయం ఆ గొంతులో దాగలేదు. కూతురు గుర్రమెక్కుతుంటే ఏ ఇంట్లోనైనా ఉండే భయమే.

పరీక్ష గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పది నుంచి రాసింది. ఒక లెక్క తేలలేదు, మిగతావి వచ్చాయి.

మధ్యాహ్నం క్లాసులు సాగుతుండగా ఒక మాట. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రపు కదలికల మీద పట్టును చూసే పోటీ) జట్టు బంగారు పతకం గెలిచింది. 1982 ఢిల్లీ తర్వాత 41 ఏళ్ళకు గుర్రపు స్వారీలో మనకు దక్కిన స్వర్ణం అది. అనూష్ అగర్వల్లా, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా ఆ జట్టు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి యూరప్‌లో శిక్షణ పొందినవాళ్ళు. ఆ స్థాయి గుర్రం కొనడం, మేపడం మామూలు కుటుంబాలకు ఊహకందని ఖర్చు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన పిల్ల జీను మీద కూర్చోవాలంటే ఉన్న కొద్ది దారుల్లో ఎన్‌సీసీ ఒకటి. దేశంలో పశువైద్య కళాశాలలకు అనుబంధంగా నడిచే ఈ అశ్వదళాల్లో గుర్రం ప్రభుత్వానిది, దానా ప్రభుత్వానిది, విద్యార్థి తేవలసింది ఒళ్ళూ ఓపికా.

అలాంటి పిల్లలకు ఆ ఉదయాలను కాపాడవలసింది కళాశాల. క్లాసులో 75 శాతం హాజరు కావాలి, ఎన్‌సీసీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలన్నా పరేడ్లలో 75 శాతం కావాలి. రెండూ న్యాయమైన నిబంధనలే. శిబిరం, ఇంటర్నల్ ఒకే వారంలో పడితే మాత్రం భారమంతా పంతొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన వేసి "గుర్రమా, చదువా, తేల్చుకో" అనడం పెద్దల లక్షణం కాదు. ఆ రెండు క్యాలెండర్లూ ఒక బల్ల మీద పరిచి మాట్లాడుకోవలసింది అధ్యాపకులు, ఎన్‌సీసీ అధికారులు.

సాయంత్రం ఐదున్నర. ఆమె మళ్ళీ శాలలో ఉంది. ఈసారి ఒంటరిగా రాలేదు, మొదటి ఏడు జూనియర్ ఒకమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. శనివారం దాకా రోజూ ఏదో ఒక పరీక్ష. అన్ని రోజులూ పొద్దున్నే రాలేనని ఉస్తాద్‌తో చెప్పేసింది. ఆయన తిట్టలేదు. ఒక కాగితం మీద నాలుగు రోజులకు గీతలు గీశాడు: రెండు రోజులు జూనియర్ నడక, ట్రాట్, ఒకరోజు పొడవాటి తాడు మీద చుట్లు, ఒకరోజు పూర్తి విశ్రాంతి, కాసేపు పగ్గం పట్టి నడిపిస్తే చాలు. దూకుడు మొత్తం వచ్చే వారానికి.

గుర్రాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు అంత తేలిగ్గా లేదు. చెప్పిందే చెబుతోంది.

"ఎడం పక్కకి తిప్పేటప్పుడు మెడ బిగబడతాది. నువ్వు పగ్గం లాగొద్దు. లాగితే ఇంకా బిగబడతాది. కాలు పెట్టి ఆగు, అదే వస్తాది."

"సరే అక్కా."

"డెక్కలు ఎక్కకముందూ చూడు, దిగినాకా చూడు. ముందరి ఎడంకాలు మరీ. ఇయ్యాల రాయి ఇరుక్కోనుండె."

"సరే. నాడి ఎట్ల చూసేది?"

ఆమె జూనియర్ వేళ్ళు పట్టుకుని దవడ ఎముక కింద సరైన చోట పెట్టింది. దొరకలేదు. కొంచెం వెనక్కి జరిపింది. జూనియర్ కళ్ళు పెద్దవయ్యాయి.

"దొరికింది అక్కా!"

"లెక్కబెట్టు. నేను టైము చూస్తా."