ప్రమాణపత్రం నుంచి వైవిధ్య ప్రకటన దాకా: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్య నియామకాలు

కాలిఫోర్నియా రాష్ట్రం 1879లో రాసుకున్న రాజ్యాంగం, అప్పటికి పదకొండేళ్ల కిందట పుట్టిన తన విశ్వవిద్యాలయానికి రాజకీయాల ప్రభావం గానీ మతశాఖల ప్రభావం గానీ సోకరాదని తొమ్మిదో అధికరణంలో కట్టడి చేసింది. అయితే ఆ విశ్వవిద్యాలయాన్ని ఏలే రీజెంట్ల మండలిలో, అంటే ఆస్తులు, నిధులు, నియామకాలపై అంతిమాధికారం గల పాలకవర్గంలో, ఎక్కువమందిని నియమించేది గవర్నరే కాక, ఆయన తానూ పదవిరీత్యా అందులో సభ్యుడు. రాజ్యాంగం గుమ్మం బయట ఆపిన రాజకీయానికి లోపల పెద్దపీట వేసినట్టే అయింది. ఈ మండలికి ఎదురుగా నిలిచిన అధ్యాపకుల సభ పేరు అకడమిక్ సెనేట్. నియామకాలలోనూ పదోన్నతులలోనూ సలహా చెప్పే హక్కు దానికి 1920 నాటి సంస్కరణలతో దక్కింది. ఆచార్యుల విశ్వాసాల మీద తర్వాత రేగిన వివాదాలన్నిటి వెనకా ఈ రెండు సభల పెనుగులాట ఉంది.

పరిశీలన కాలం ముగిశాక తోటి పండితుల తీర్పుతో దక్కి, తగిన కారణం చూపి విచారణ జరిపితే తప్ప తొలగించడానికి వీలులేని ఉద్యోగస్థిరత్వాన్ని అమెరికాలో టెన్యూర్ అంటారు. దాని చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం కూడా కాలిఫోర్నియాలోనే నడిచింది. 1900లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వ్యవస్థాపకురాలు జేన్ స్టాన్‌ఫర్డ్, రైలు కంపెనీలను విమర్శించిన సామాజిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రాస్‌ను సాగనంపాలని పట్టుబట్టి నెగ్గగా, నిరసనగా రాజీనామా చేసినవారిలో ఒకరైన ఆర్థర్ లవ్‌జాయ్ 1915లో జాన్ డ్యూయీతో కలిసి అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘాన్ని నెలకొల్పారు. (ఆసియా నుంచి వచ్చే వలసకూలీలను రానివ్వరాదని కూడా రాస్ వాదించారన్న సంగతిని విద్యాస్వేచ్ఛ చరిత్రలు తరచు తొందరగా దాటేస్తాయి.) పరిశీలన కాలం ఏడేళ్లకు మించరాదని ఆ సంఘం 1940లో సూత్రీకరించిన ఏడాదే, కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వమూ అధ్యాపకత్వమూ ఒక చోట ఇమడవని రీజెంట్లు తీర్మానించి, గణితశాఖలో బోధన సహాయకుడిగా ఉన్న కెన్నెత్ మేను తొలగించారు.

1949 మార్చి 25న రీజెంట్లు ఆమోదించిన విధేయతా ప్రమాణాన్ని ప్రతిపాదించినది రాజకీయ నాయకుడెవరూ కాదు, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ గోర్డన్ స్ప్రౌల్. శాసనసభలో జాక్ టెన్నీ నాయకత్వాన కమ్యూనిస్టుల వేట సాగుతుండగా, విశ్వవిద్యాలయ ఉద్యోగుల విధేయతను తేల్చే అధికారం శాసనసభకు పోకుండా ఉండాలంటే ఆ పని తామే ముందుగా చేసి చూపడం మేలని ఆయన తలచారు. స్వయంప్రతిపత్తిని కాపాడుకోవడానికి ఎంచుకున్న సాధనమే దాన్ని లోపలి నుంచి తొలిచింది. సంవత్సరం పాటు బేరసారాలు సాగాక, సంతకం చేయనివారు సెనేట్ సంఘం ముందు హాజరై తమ వైఖరిని వివరించుకోవచ్చని ఒక రాజీ కుదిరినా, ఆ సంఘం నిర్దోషులని తేల్చిన వారిని సైతం 1950 ఆగస్టు 25న రీజెంట్లు 12–10 ఓట్లతో తొలగించారు. గవర్నరు ఎర్ల్ వారెన్ ఓటు తొలగింపుకు వ్యతిరేకంగా పడింది. తొలగింపుకు గురైన 31 మందిలో ఒక్కరిపైనా కమ్యూనిస్టు అన్న ఆరోపణ లేదు. సంతకం నిరాకరించడమే వారి నేరం.

మధ్యయుగ చరిత్రకారుడు ఎర్న్‌స్ట్ కాంటొరోవిచ్ ఉదంతం ఈ వ్యవహారంలోని అసంగతాన్ని చూపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో కమ్యూనిస్టు తిరుగుబాట్లకు ఎదురుగా తుపాకి పట్టి, తర్వాత నాజీల ఏలుబడిలో యూదుడిగా ఆచార్యపదవిని వదులుకొని వచ్చిన ఆ పండితుడు, బర్కిలీ ప్రాంగణంలో సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. న్యాయమూర్తిలాగా, పురోహితుడిలాగా ఆచార్యుడు కూడా అంగీ ధరించే వృత్తివాడనీ, అతని అంతరాత్మకు యజమాని ఉండడనీ ఆయన వాదం. ఆయన ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత విద్యాసంస్థకు వెళ్లిపోగా, మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టోల్‌మన్ ముందు నిలిచి న్యాయస్థానానికి ఎక్కారు. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు సంతకం నిరాకరించినవారి పక్షాన తీర్పు చెప్పింది గానీ, ఆ తీర్పు ఆలోచనాస్వేచ్ఛ మీద నిలవలేదు: ప్రభుత్వోద్యోగుల విధేయత శాసనసభ పరిధిలోని అంశం కనుక రీజెంట్ల ప్రమాణం చెల్లదన్నది దాని సారం. అంతలోనే శాసనసభ 1950 నాటి లెవరింగ్ చట్టంతో ప్రభుత్వోద్యోగులందరికీ మరో ప్రమాణాన్ని విధించింది కనుక, గెలిచినవారు తిరిగి కొలువులో చేరాలంటే దాని మీద సంతకం చేయవలసి వచ్చింది. ఆ ప్రమాణాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 1967లో గానీ కొట్టివేయలేదు. దేశ సుప్రీంకోర్టు న్యూయార్క్ అధ్యాపకుల కేసులో అలాంటి చట్టాలను తోసిపుచ్చినది కూడా ఆ ఏడాదే.

నియామకాలలో రాజకీయ పరీక్ష ఏదీ ఉండరాదని రీజెంట్లు 1969లో తమ నిబంధనల్లో చేర్చుకున్నారు. అదే ఏడాది, రోనల్డ్ రేగన్ గవర్నరుగా ఉండగా, కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలని ఏంజెలా డేవిస్‌ను లాస్ ఏంజెలెస్ ప్రాంగణం నుంచి తొలగించబోయారు. కోర్టు అడ్డుపడింది. మరుసటి ఏడు ఆమె ఉపన్యాసాల ధోరణిని కారణంగా చూపి ఒప్పందాన్ని పొడిగించలేదు.

రెండో వివాదానికి, అంటే వైవిధ్య ప్రకటనల వివాదానికి, బీజం పూర్తిగా వేరే నేలలో పడింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో, విద్యలో, కాంట్రాక్టుల్లో జాతి, లింగం ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వడాన్ని 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 209వ ప్రతిపాదన ద్వారా నిషేధించారు. రోస్టరు బిందువుల ప్రకారం పోస్టులు కేటాయించే భారతీయ పద్ధతికి అలవాటుపడిన తెలుగు పాఠకుడు ఇక్కడొక తేడా గమనించాలి: భారతదేశంలో అభ్యర్థి వర్గాన్ని ధ్రువపత్రం తేలుస్తుంది, అతని అభిప్రాయాలతో పనిలేదు, కాలిఫోర్నియాలో వర్గాన్ని లెక్కలోకి తీసుకోవడం నిషిద్ధం కావడంతో, వైవిధ్యానికి అభ్యర్థి చేసిన సేవను, చేయబోయే సేవను చూడటం మొదలైంది. అటువంటి సేవకు పదోన్నతిలో గుర్తింపు ఇవ్వాలని 2005లో విశ్వవిద్యాలయ నియమావళి సవరణ పొందగా, 2010ల చివరికి చాలా ప్రాంగణాలు ఉద్యోగార్థుల నుంచి విడిగా ‘వైవిధ్య ప్రకటన’ కోరసాగాయి.

2018–19లో బర్కిలీ జీవశాస్త్ర విభాగాలు ఒక నియామక ప్రయోగంలో సుమారు 890 మంది అభ్యర్థుల్లో నాలుగింట మూడొంతుల మందిని ఈ ప్రకటన ఒక్కదాన్నే చూసి, పరిశోధన జోలికి పోకుండా, పక్కన పెట్టాయి. విద్యార్థుల నేపథ్యాలను పట్టించుకోకుండా అందరినీ ఒకేలా చూస్తానని రాసినవారికి తక్కువ మార్కులు వేయాలని ఆ ప్రాంగణపు కొలమానం సూచించింది. ఇది రాజకీయ పరీక్షేనని, 1949 నాటి ప్రమాణానికి వారసత్వమేనని డేవిస్ ప్రాంగణ గణితశాఖాధిపతి అబిగైల్ థాంప్సన్ 2019 డిసెంబరులో అమెరికా గణిత సమాజపు పత్రికలో రాయగా, సమర్థకులూ విమర్శకులూ మూకుమ్మడి సంతకాల లేఖలతో ఎదురెదురయ్యారు. పోలిక పూర్తిగా కుదరదు: ప్రమాణం టెన్యూర్ ఉన్నవారిని సైతం బయటికి నెట్టింది, దాన్ని విధించినది రీజెంట్లు, ప్రకటనను అడిగినదీ మార్కులు వేసినదీ తోటి అధ్యాపకులు, అదీ ప్రధానంగా లోపలికి రాబోయేవారికి. కానీ ఏ ఉన్నత కొలువుకైనా గుమ్మం దగ్గరి వడపోతే పెద్దది, ఎందుకంటే తొలగింపుకు గురైనవాడు కోర్టుకు వెళ్లగలడు, లోపలికి రానివాడికి తానెందుకు రాలేదో తెలియను కూడా తెలియదు. చేసిన పనిని అడిగినంతకాలం ప్రకటనను తప్పుపట్టడం కష్టం. సమానత్వం అంటే ఏమిటో ఒకే జవాబుకు మార్కులు వేసిన క్షణాన అది విశ్వాసాన్ని కొలిచింది. శాంతాక్రూజ్ ప్రాంగణంపై 2023లో పడిన దావాను, ఫిర్యాదీ ఆ ఉద్యోగానికి దరఖాస్తే చేయలేదన్న కారణంతో కోర్టు మరుసటి ఏడాది తోసిపుచ్చడంతో అసలు ప్రశ్న మళ్లీ విచారణకు రాలేదు.

ఇంతలో గాలి మళ్లింది. టెక్సాస్ 2023లో చేసిన చట్టంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇలాంటి ప్రకటనలు అడగకుండా నిషేధించగా, ఇండియానా 2024లో మరో అడుగు వేసి, ‘మేధోవైవిధ్యాన్ని’ పెంపొందించే అవకాశం లేని అధ్యాపకులకు టెన్యూరూ పదోన్నతీ నిరాకరించాలని, టెన్యూర్ వచ్చినవారిని అయిదేళ్లకొకసారి అదే గీటురాయి మీద సమీక్షించాలని పాలకమండళ్లను ఆదేశించింది; అంటే వైవిధ్య ప్రకటనను తప్పుపట్టిన పక్షమే తన వైవిధ్యానికి తన కొలమానాన్ని చట్టంగా తెచ్చుకుంది, పైగా తీర్పరులుగా తోటి పండితులను కాక పాలకమండళ్లను కూర్చోబెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2025 మార్చిలో విడి ప్రకటనను తప్పనిసరి చేసే పద్ధతిని అన్ని ప్రాంగణాలలోనూ విరమించింది. వైవిధ్యం దిశగా చేసిన పనిని బోధన, పరిశోధనల వివరణలలో ప్రస్తావించుకునే వీలు మాత్రం అభ్యర్థులకు మిగిలింది.