న్యాయమూర్తి ఏ పక్షమువారు?

కోనసీమలో ముక్తేశ్వరము రేవు ఎరుగనివారు అరుదు. ఇటు ముక్తేశ్వరము, అటు కోటిపల్లి. నడుమ గౌతమీ గోదావరి. కొంతకాలము క్రిందట మేము ఆ రేవులో పంటుకై వేచియుండగా, చంకన గుడ్డసంచి పెట్టుకొన్న ఒక వృద్ధరైతు వచ్చి మా ప్రక్కన కూర్చుండెను. సంచిలో ఉన్నవి కోర్టు కాగితములు. లంకభూమి హద్దు తగాదా. అమలాపురములో వాయిదా చూచుకొని, ఏటి ఆవలనున్న తన ఊరికి మరలిపోవుచుండెను. మేము రేడియోలో పనిచేయువారమని తెలిసికొని, నాలుగు లోకవిషయములు ఎరిగియుందుమని తలచెను కాబోలు, గొంతు తగ్గించి ఇట్లడిగెను: "కొత్తగా వచ్చిన జడ్జీగారు ఏ పార్టీవారండీ?"

ఏ పార్టీవారును కారని మేము చెప్పితిమి. ఆయన చిన్నగా నవ్వి, "అంతేనంటారా అండీ" అని సంచి సవరించుకొనెను. ఆ నవ్వులో మా మాటయెడల నమ్మకము కనబడలేదు. పంటు ఆవలిగట్టు చేరులోపల మాకు తోచినదేమనగా, అది వెటకారమునకు అడిగిన ప్రశ్న కాదు. దానికొక చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఈ గోదావరి గట్టుననే పుట్టిన ఒక మహనీయునికి ముఖ్యమైన పాత్ర కలదు. ఆ కథయే నేటి మా ప్రసంగము.

మొదట ఒక మాట. చట్టమునకును రాజకీయమునకును ఎట్టి సంబంధమును ఉండరాదని కొందరు చెప్పుదురు. అది సాధ్యము కాదు. చట్టమును చేయునది శాసనసభ. శాసనసభ్యులను పంపునది ఎన్నిక. న్యాయస్థానమునకు భవనము కట్టించునది ప్రభుత్వము. మన హైకోర్టు చరిత్రయే ఇందుకు నిదర్శనము. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసికొన్నప్పుడు, రాజధాని ఒక ప్రాంతమునను హైకోర్టు మరియొక ప్రాంతమునను ఉండవలెననియు, ఏది కావలెనో కోరుకొను హక్కు రాయలసీమకు ఉండవలెననియు నిశ్చయించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా కర్నూలునకు రాజధాని, గుంటూరునకు హైకోర్టు దక్కెను. 1956లో హైకోర్టు హైదరాబాదునకు తరలెను. 2019 జనవరి 1న అమరావతి ప్రధానస్థానముగా ఆంధ్రప్రదేశ్‌కు మరల ప్రత్యేక హైకోర్టు ఏర్పడెను. హైకోర్టు ఎచ్చట ఉండవలెనో నిర్ణయించినది రాజకీయమే. అందు తప్పు లేదు. అచ్చట చెప్పు తీర్పు ఎట్లుండవలెనో మాత్రము రాజకీయము నిర్ణయింపరాదు. గీత ఉన్నది ఇచ్చటనే.

గుంటూరులో 1954 జూలై 5న ప్రారంభమైన ఆ హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. ఆయన 1902 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి ప్రభుత్వ కళాశాలలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్రము అభ్యసించి, న్యాయవాదిగా పేరు గాంచి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిరి. 1958 జనవరి 31న సుప్రీంకోర్టులో అడుగిడిరి. అచ్చట ఆయన తోటివారితో విభేదించుటకు వెనుదీయని న్యాయమూర్తియని ప్రసిద్ధి పొందిరి.

ఒక ఉదాహరణము చాలును. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అను వ్యక్తి ఇంటికి పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టుచు నిఘా వేసిరి. 1962 డిసెంబరులో వెలువడిన తీర్పులో అధికసంఖ్యాకులు ఆ రాత్రి రాకలను మాత్రమే కొట్టివేసి, మిగిలిన నిఘాను నిలిపిరి. సుబ్బారావుగారు షా గారితో కూడి భిన్నాభిప్రాయము వ్రాసి, మనుష్యుని ఏకాంతము అతని స్వేచ్ఛలో భాగమనిరి. 55 సంవత్సరముల పిదప, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఏకాంతమును ప్రాథమిక హక్కుగా గుర్తించి ఆయన మాటను సమర్థించెను.

ఆ రోజులలోనే మన రాష్ట్రమున మరియొక సంఘటన జరిగెను. కర్నూలు జిల్లాలో బస్సు మార్గములను ప్రభుత్వపరము చేయు పథకము సిద్ధమయ్యెను. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు తమ రాజకీయ ప్రత్యర్థుల మార్గములు ముందుగా ఎన్నికయగునట్లు చేసిరని బస్సు యజమానులు ఆరోపించిరి. ఆ ఆరోపణను ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రము దాఖలుచేసి ఖండింపలేదు. సుప్రీంకోర్టు ఈ లోపమును ఎత్తిచూపి, పథకమును కొట్టివేసెను. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు పదవికి రాజీనామా ఇచ్చిరి. శాసనసభలో ఆయనకు బలము తగ్గలేదు. దిగిపొమ్మని కోర్టు ఆజ్ఞాపింపలేదు. కోర్టు పలికిన మాట చాలెను. రాజకీయము గీతకు ఈవల తలవంచి నిలిచిన సందర్భమది.

ఇక 1967. ఆ ఫిబ్రవరిలో జరిగిన నాలుగవ సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెసుకు లోకసభలో 283 స్థానములు మాత్రమే వచ్చెను. పెక్కు రాష్ట్రములలో అధికారము చేజారెను. ఎన్నికలు ముగిసిన కొలదిదినములకే, ఫిబ్రవరి 27న, సుప్రీంకోర్టు గోలకనాథ్ తీర్పు చెప్పెను. అప్పటికి సుబ్బారావుగారు దేశ ప్రధాన న్యాయమూర్తి. 1966 జూన్ 30న ఆ పదవి చేపట్టియుండిరి.

వ్యాజ్యము పంజాబులోని ఒక కుటుంబమునకు చెందిన 500 ఎకరములకు పైబడిన భూమిని గూర్చినది. భూపరిమితి చట్టము ఆ భూమిలో చాలభాగమును మిగులు భూమిగా నిర్ణయించెను. ఇట్టి చట్టములను కోర్టులు కొట్టివేయకుండుటకై 1951లో మొదటి సవరణతోనే రాజ్యాంగమునకు తొమ్మిదవ అనుబంధము చేర్చియుండిరి. ఆ అనుబంధమున పేరెక్కిన చట్టము ప్రాథమిక హక్కులకు విరుద్ధమని ఎవరును వాదింపరాదన్నది ఆనాటి ఏర్పాటు. ఇట్టి సవరణలు చెల్లునని 1951లోను 1964లోను సుప్రీంకోర్టే ఒప్పుకొనెను. గోలకనాథ్ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులు కూర్చుండిరి. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించు అధికారము ఇకమీదట పార్లమెంటునకు లేదని ఆరుగురు చెప్పిరి. అయితే వెనుకటి సవరణలు చెల్లుననియు, ఈ తీర్పు ముందునకే వర్తించుననియు సుబ్బారావుగారు తీర్పులో వ్రాసిరి. కనుక ఆ కుటుంబమునకు భూమి దక్కలేదు; పార్లమెంటునకు అధికారమును దక్కలేదు.

ఈ తీర్పు మంచిదా, చెడ్డదా? కోనసీమలో ఎకరము కొబ్బరితోట విలువ ఎరిగినవారికిని, అదే తోటలో చెట్టెక్కి దింపు తీయు భూమిలేనివారి కష్టము ఎరిగినవారికిని, ఈ ప్రశ్నకు రెండు ముఖములున్నవని వేరుగ చెప్పనక్కరలేదు. భూమి పంచుటకు ప్రజలు ఎన్నుకొన్న సభకు అధికారము లేకున్న, స్వరాజ్యము ఎవరికొరకని ఒకరు అడిగిరి. ఆస్తిపై చేయి వేయుటకు అడ్డులేని సభ రేపు నోటిపైనను చేయి వేయదా యని మరియొకరు అడిగిరి. రెండును న్యాయమైన ప్రశ్నలే. మన రాష్ట్రమున 1961లో ఒక భూపరిమితి చట్టము, 1973లో మరింత గట్టిచట్టము వచ్చినవి. రెండవదానిని 1974లో 34వ సవరణతో తొమ్మిదవ అనుబంధమున చేర్చిరి. గోలకనాథ్ తీర్పు అట్లే నిలిచియున్నచో ఆ దారి మూసికొనిపోయియుండెడిది.

తీర్పుపై వాదము న్యాయశాస్త్రమునకు సంబంధించినది. అది అట్లే ఉండవలసినది. కాని 43 దినములకు, ఏప్రిల్ 11న, సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. పదవీవిరమణకు ఇంక మూడునెలలే గడువుండెను. మే 6న జరిగిన ఎన్నికలో జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువయు, సుబ్బారావుగారికి 3,63,971 ఓట్ల విలువయు లభించెను. ఆయన ఓడిరి.

ఆయన చట్టమును మీరలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి వీడినవారు ఏ కోర్టునందును వాదింపరాదని రాజ్యాంగము 124వ అధికరణమున నిషేధించినది. ఎన్నికలలో నిలువరాదని ఎచ్చటను చెప్పలేదు. ఈ సంగతి పెద్దలకు తట్టక కాదు. రాజ్యాంగసభలో 1949 మే నెలలో, న్యాయమూర్తులు ప్రభుత్వ పదవులు చేపట్టకుండ నిషేధింపవలెనని కె.టి. షా గారు ప్రతిపాదించిరి. డాక్టరు అంబేద్కరుగారు అంగీకరింపలేదు. కోర్టులు ఎక్కువగా తీర్చునవి మనిషికి మనిషికి నడుమ తగాదాలేయనియు, ప్రభుత్వమునకు వానితో ప్రసక్తి స్వల్పమనియు ఆయన తలచిరి. 2022లో ఏ మహనీయుని పేరు ఈ కోనసీమ జిల్లాకు పెట్టబడెనో, ఆ మహనీయుని అంచనా ఈ ఒక్క విషయమున కాలము చేతిలో తప్పిపోయినది. నేడు కోర్టులలో పెద్ద వాది ప్రభుత్వమే. పెద్ద ప్రతివాదియు ప్రభుత్వమే.

రాష్ట్రపతి పదవి పక్షములకు అతీతమైనది, దానికి నిలుచుట రాజకీయము కాదని సుబ్బారావుగారి తరఫున చెప్పవచ్చును. ఆయన నిజాయితీని మేము శంకింపము. వెనుకటి సవరణలను కాపాడి, తీర్పు ముందునకే వర్తించునన్న న్యాయమూర్తి ఓట్లు లెక్కించుకొన్నాడనుట అన్యాయము. ఐనను తీర్పు వినువారు న్యాయమూర్తి అంతరంగమును చూడలేరు. వారు చూడగలిగినది ఆయన నడక మాత్రమే. ఫిబ్రవరి తీర్పును ఏప్రిల్ పోటీ వెలుగులో చదువుటకు దేశమునకు ఆనాడు అవకాశము చిక్కెను. పార్లమెంటును ఎదిరించినవారు అంతకుముందే ప్రతిపక్షమువారేమో యను అనుమానము పుట్టెను. అనుమానము నిజము కానక్కరలేదు, పుట్టుటయే నష్టము.

పిదప జరిగినది ఇంతకంటె పెద్దది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యమున పదుమువ్వురు న్యాయమూర్తులలో ఏడుగురు, పార్లమెంటు రాజ్యాంగమున ఏ భాగమునైనను సవరింపవచ్చును గాని దాని మౌలిక స్వరూపమును చెరుపరాదని తీర్పు చెప్పిరి. సుబ్బారావుగారి జవాబు తొలగినది. పార్లమెంటు అధికారమునకు హద్దు కలదా యని వేసిన ప్రశ్న మాత్రము నిలిచి గెలిచినది. ఆ ఏడుగురిలో మన హైకోర్టునుండి వెళ్ళిన పి. జగన్మోహనరెడ్డిగారును ఒకరు. మరునాడే కేంద్రప్రభుత్వము, ప్రభుత్వపక్షమునకు అనుకూలముగా తీర్పు వ్రాసిన ఎ.ఎన్. రే గారిని, ఆయనకంటె పెద్దలైన షేలత్, హెగ్డే, గ్రోవర్ గార్లను దాటించి, ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించెను. ముగ్గురును రాజీనామా ఇచ్చిరి. న్యాయమూర్తి భావజాలమును చూచుకొను హక్కు ప్రభుత్వమునకు కలదని మంత్రి మోహన్ కుమారమంగళంగారు లోకసభలో సమర్థించిరి.

1967లో న్యాయమూర్తి గీత దాటిరి. 1973లో ప్రభుత్వము గీత దాటెను. మొదటిది రెండవదానికి కారణమని మేము చెప్పము. ప్రభుత్వము చేసినది ఎక్కువ తప్పు. ఏలయన న్యాయమూర్తి తన పదవిని మాత్రమే వదలుకొనెను, ప్రభుత్వము ఇతరుల పదవిని తన చేతిలోనికి తీసికొనెను. ఐనను న్యాయమూర్తులకు రాజకీయము లేదని గట్టిగా చెప్పవలసిన నాడు, ఆ చెప్పు గొంతు 1967 మూలముగా కొంత బలహీనమై యుండెను. మూడేండ్లకు, అత్యవసర పరిస్థితిలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితునికి కోర్టు తలుపు తట్టు హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, ఎచ్.ఆర్. ఖన్నాగారు ఒక్కరే కాదనిరి. 1977 జనవరిలో ఆయననుకూడ దాటించి వేరొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేసిరి. ఆ తీర్పు వచ్చిన ఎనిమిదవ దినమున, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూసిరి. 2017లో ఏకాంతహక్కును గుర్తించిన ధర్మాసనమే ఆ 1976 తీర్పును తుడిచివేసెను.

ఈ అనుభవమునుండియే, న్యాయమూర్తుల ఎంపికలో న్యాయమూర్తుల మాటయే నెగ్గవలెనని సుప్రీంకోర్టు 1993లో నిర్ణయించెను. దానిని మార్చుటకు పార్లమెంటు చేసిన చట్టమును, రాజ్యాంగ సవరణమును 2015 అక్టోబరు 16న కొట్టివేసెను. ఐదుగురిలో ఒక్కరు, కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్‌గారు, విభేదించిరి. తలుపులు మూసికొని చేయు ఎంపిక ప్రజలకు ఏమియు తెలియనీయదని ఆయన బాధ. ఆ బాధలో సత్యము కలదు. ప్రభుత్వపు చేతినుండి తప్పించిన గదికి కిటికీ అయినను ఉండవలెను గదా!

ముక్తేశ్వరము రేవులో అడిగిన ప్రశ్నకు మేము అప్పుడిచ్చిన జవాబు నేటికిని మార్చము: జడ్జీగారు ఏ పార్టీవారును కారు. కాని అది చెప్పినంతనే నమ్మవలసిన మాట కాదు. ముఖ్యమంత్రి ఒక తీర్పునకు తలవంచినప్పుడు అది కొంత నిజమగును. ప్రభుత్వము పెద్దను దాటించి చిన్నకు పీఠమిచ్చినప్పుడు కొంత అబద్ధమగును. న్యాయమూర్తి పీఠము దిగి నేరుగా పోటీకి నడచినప్పుడును కొంత అబద్ధమగును. గోదావరి గట్టు ఒకనాడు కట్టి వదలివేయునది కాదు. ఏటేట వరదకు ముందు ఎచ్చట గండి పడనున్నదో చూచుకొనుచుండవలెను. సంచిలో కాగితములతో ఏరు దాటు ఆ రైతు అనుమానించుట తప్పు కాదు. గట్టు చూచుకొనువాని చూపు అది. ఆయన మరల నవ్వకుండునట్లు నడచుకొనుట మాత్రము పీఠములపైనున్నవారి పని.