మౌనానికి అర్థం

కొట్లో సరుకు అమ్మేవాడికి ఎంత అమ్ముడుపోయిందో లెక్క తెలుస్తుంది. వూరికే పంచిపెట్టి, నకలు తీసి మరొకరికి ఇచ్చుకోమన్నవాడికి ఆ లెక్క తెలియదు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కు మొదటినుంచీ వున్న చిక్కు యిదే.

లెక్క అవసరం మాత్రం నిజమైనదే. వేలాది ప్యాకేజీలలో మొదటి సీడీలోకి ఏవి ఎక్కాలో ఎవరో నిర్ణయించాలి గదా! అందుకు పనికివచ్చినది "పాపులారిటీ కాంటెస్ట్" అనే చిన్న ప్రోగ్రాం. పేరు అందాల పోటీని తలపిస్తుంది గాని, చేసేది గుమాస్తా పని. యంత్రంలో ఏ ప్యాకేజీలున్నవో, వాటి ఫైళ్లను చివరిసారి ఎప్పుడు తెరిచారో చూసి వారానికొక జాబితా పంపుతుంది. వాడేవారి పేరు వుండదు. యంత్రానికి యాదృచ్ఛికంగా ఇచ్చిన వొక సంఖ్య వుంటుంది.

మా కాలేజీ యంత్రాలలో డెబియన్ ఎక్కించేటప్పుడు ఆ ప్రశ్న నాకు ఎదురయింది: పాల్గొంటారా? ముందే గుర్తు పెట్టివున్న జవాబు "వద్దు". మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లంటారు. డెబియన్‌వారు మౌనాన్ని నిరాకరణగా తీసుకున్నారు. దీనివల్ల లెక్క వంకరపోతుంది. శ్రద్ధ కలవారే అందులోకి వస్తారు. తెలిసే ఆ లోపాన్ని భరించారు.

2018లో ఉబుంటు 18.04 విడుదల చేసిన కానానికల్ కంపెనీ కూడా అడిగింది. పంపేదేమిటో చూపించింది, దాచలేదు. అయితే గుర్తు ముందే "పంపండి" మీద వున్నది. రెండు నెలలకు నూటికి 67 మంది సమ్మతించారని ప్రకటించింది. వీరిలో మనసారా ఒప్పుకున్నవారెందరు, చదవకుండా ముందుకు నొక్కినవారెందరు?

2023లో ఫెడోరా విషయంలో రెడ్ హ్యాట్ ఉద్యోగులు యీ మాట బాహాటంగానే అన్నారు: వాడేవారు తమంతట తాము ఒప్పుకుంటేనే తీసుకునే సమాచారం పనికిరాదట, ఒప్పుకునేవారు అంత తక్కువట. ఫెడోరాకు స్వచ్ఛందంగా పనిచేసేవారు అనేకులు ఎదురుతిరిగారు. ముందున్న జవాబును జనం మార్చరన్నది నిజమే. మరి "సరే" అని వుంచినా మార్చరు గదా! జనం వుదాసీనతను వొకవైపు లోపమనీ, రెండోవైపు సమ్మతి అనీ పిలవడం ఏ గణితం?

మా యంత్రాలను వాడేది విద్యార్థులు, జవాబిచ్చేది నేను. కనుక వాళ్లనే అడిగాను. చాలామంది సరేనన్నారు. వొక అమ్మాయి వద్దన్నది. ఆమె కూర్చునే యంత్రంలో గుర్తును ముట్టుకోలేదు.