బెంగుళూరు కొళాయి నీరు – న్యాయమైన సుంకము

నీరు దైవదత్తమే యైనను, దానిని మన గడప వరకు తెచ్చుటకు ధనము కావలెను. ఆ ధనమును ఎవరు, ఎంత, ఏ లెక్కను ఇయ్యవలెనను ప్రశ్న నేటిది కాదు. చెరువు త్రవ్విననాడే అది పుట్టినది. చెరువులు కట్టించినవారికిని, వాటిని మరమ్మతు చేయించువారికిని దశబంధ మాన్యములిచ్చుట రాయలసీమలోను, మైసూరు సీమలోను పూర్వాచారము. కోలారు ప్రాంతపు పల్లెలలో నీరుగంటి తూము తెరచి ప్రతి మడికిని వంతు ప్రకారము నీరు పారించెడివాడు. నీరు తరిగిననాడు అందరి వంతును తగ్గించుట వాని ధర్మము. ఖర్చు పెట్టినవానికి ప్రతిఫలము, వాడుకొనువానికి వంతు, కరవునాడు అందరికిని పొదుపు అను మూడు నియమములును మన పెద్దలకు తెలిసినవే.

1537లో కోట వెలసిననాటి నుండి బెంగుళూరు చెరువులపైననే బ్రదికినది. ధర్మాంబుధి నేడు బస్సు నిలయమైనది. సంపంగి చెరువు క్రీడారంగమైనది. దివాను కె. శేషాద్రి అయ్యరు కాలమున అర్కావతిపై హెసరఘట్ట నుండి గొట్టముల ద్వారా నగరమునకు నీరు వచ్చెను. ఆ నీరు చాలకపోగా 1933లో తిప్పగొండనహళ్లి జలాశయమును కట్టిరి. నీటి సరఫరాకును, మురుగునీటి పారుదలకును 1964 చట్టముచే ప్రత్యేక మండలి ఏర్పడెను. 1974లో కావేరి మొదటి దశ నీరు వచ్చినది. 2024 అక్టోబరులో అయిదవ దశ ప్రారంభమై, దినమునకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు అదనముగ సమకూర్చు ఏర్పాటు జరిగినది.

ఈ కావేరి నీరు పల్లమున పారి వచ్చునది కాదు. సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తునకు, విద్యుత్తుతో పంపు చేయబడి వచ్చుచున్నది. మనము నల్లి విప్పి వదలివేయు ప్రతి బిందెలోను ఆ విద్యుత్తు ఖర్చు కలదు.

లెక్కలు వ్రాసి జీవించినవాడను గనుక ఇచట కొంత లెక్క చూపెదను. 2014 నవంబరు మొదలు 2025 ఏప్రిల్ వరకు గృహములకు అమలులోనున్న సుంకము మెట్ల పద్ధతిది. నెలకు మొదటి 8,000 లీటర్లకు వేయింటికి 7 రూపాయలు. అటుపై 25,000 వరకు 11 రూపాయలు. 50,000 వరకు 26 రూపాయలు. ఆపైన 45 రూపాయలు. మురుగు మొదలగు ఇతర రుసుములు వేరు. నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్లని ప్రభుత్వ ప్రమాణము. ఆ ప్రకారము అయిదుగురి కుటుంబమునకు నెలకు 20,250 లీటర్లు పట్టును. దాని సుంకము 190 రూపాయల 75 పైసలు. అదే కుటుంబము దీనికి రెట్టింపు నీరు వాడినచో, సుంకము రెట్టింపు కాదు, 646 రూపాయలగును. అవసరమునకు తక్కువ ధర, దుబారాకు ఎక్కువ ధర అనుట ఇందలి నీతి. ఇది మంచి నీతియే.

కాని ఇందొక చిక్కు గలదు. ఇద్దరు అన్నదమ్ములు భార్యాబిడ్డలతో, తలిదండ్రులతో, ఒకే మీటరు క్రింద పదిమంది యున్నారనుకొనుడు. వారిలో ఒక్కొక్కరును వాడునది అదే 135 లీటర్లు. అయినను మెట్లు మీటరునకే గాని మనుష్యులకు కావు. వేరు కాపురములైనచో రెండిండ్లకు కలిపి 381 రూపాయల 50 పైసలు. కలిసి యుండుటచే 646 రూపాయలు. చుక్క యైనను దుబారా చేయకయే దుబారా చేసినవారి ధర చెల్లింపవలసివచ్చును. తరతరములుగ ఉమ్మడి కాపురములు నడపుచున్న మన తెలుగు కుటుంబములకును, ఒకే మీటరుపై పలు వాటాలున్న వఠారములలోని పేదలకును ఇది చిన్న విషయము కాదు. మెట్లను కాపురముల సంఖ్యను బట్టియో, ఇంటిలోని తలలను బట్టియో లెక్కించుట న్యాయము.

అట్లని సుంకమును పెంచకయే యుండుడనుటయు సరికాదు. పది సంవత్సరములకు పైగా ధర కదలలేదు. విద్యుత్తు ఖర్చు మాత్రము పెరిగినది. సుంకము ఖర్చునకు చాలనిచో గొట్టములు క్రొత్త పేటలకు ప్రాకవు. గొట్టము చేరని పేదవాడు ట్యాంకరు నీటిని ఎన్నో రెట్ల ధరకు కొనును. కావున చవుక నీటి లాభము కొళాయి కలవానికి, నష్టము లేనివానికి. 2024 వేసవిలో బోరుబావులెండి నగరము తల్లడిల్లినప్పుడు ఈ సత్యము అందరికిని తెలిసినది. త్రాగునీటితో కార్లు కడుగుటను, తోటలు తడుపుటను నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా విధించిరి. 2025 ఏప్రిలులో తక్కువ వాడువారికి లీటరుకు 0.15 పైస, ఎక్కువ వాడువారికి ఒక పైస వరకు సుంకము పెంచిరి. పెంపులోనైనను మెట్టు పాటించుట మెచ్చదగినది.

మన సంఘ సభ్యులు చేయదగిన పనులు మూడు. మొదటిది, ప్రతి నెలయు బిల్లులోని లీటర్లను కాపురములోని తలలతో భాగించి చూచుకొనుట. రెండవది, కారు నల్లిని ఆ దినమే బాగు చేయించుట. మూడవది, ఉమ్మడి మీటరు గల ఇండ్లవారు కలిసి, తమ లెక్కలను మండలివారికి వ్రాతమూలముగ సమర్పించుట. లెక్కతో అడిగినదానిని త్రోసిపుచ్చుట సులభము కాదు. నీరుగంటి తూము వద్ద నిలిచి చేసిన పనిని నేడు మీటరు చేయుచున్నది. అయితే నీరుగంటికి ఆ యింట ఎందరున్నారో తెలియును, మీటరునకు తెలియదు. తెలియజేయుట మన విధి.