బామ్ నుంచి జెల్ దాకా: ఘాటు చేసే పనెంత?

బెణికిన మడమకు నొప్పి జెల్ రాస్తే ముందు ఘాటు ముక్కుకెక్కుతుంది, వెంటనే చర్మం చల్లబడుతుంది. వాపు దిగుతోందని మనసు అప్పుడే తీర్మానించేసుకుంటుంది. ఈ నమ్మకం జెల్ కన్నా బాగా పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. ఫ్రాన్సు వాడైన జూల్ బెంగే బామ్ అమెరికా చేరింది 1898లో. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె: నొప్పి బామ్‌లకు ముడిసరుకు అటూ ఇటూగా ఇదే. తర్వాత మైనం, పారఫిన్ల జిడ్డు పోయి కార్బోమర్ అనే చిక్కబరిచే పదార్థం పట్టి ఉంచిన నీరు వచ్చింది. చెమటలోని ఉప్పు తగలగానే ఆ జెల్ విరిగి పల్చబడుతుంది. నూనెలు మాత్రం కొత్త ట్యూబులోకీ వచ్చేశాయి. వాపు తగ్గిస్తాయనే వాటిని ఉంచారా అంటే, చాలావరకు కాదు. రాసుకున్నవాడికి మందు పనిచేస్తోందని తెలియాలి కాబట్టి ఉన్నాయి.

పుదీనా పువ్వు, అంటే మెంథాల్, చర్మాన్ని చల్లార్చదు. చలిని పసిగట్టే నాడుల్లోని గ్రాహకాన్ని తట్టి మెదడుకు చలి కబురు పంపుతుంది. ఆ గ్రాహకం 2002లో దొరికింది. (జెల్‌లోని స్పిరిట్ ఆవిరైనప్పటి చల్లదనం మాత్రం అసలుదే.) నొప్పి కాసేపు మరుగున పడుతుంది, వాపు ఉన్నచోటే ఉంటుంది. వింటర్‌గ్రీన్ సంగతి వేరంటారు, అందులో న్యాయం ఉంది. ఆ నూనెలో ముఖ్య పదార్థం మిథైల్ సాలిసిలేట్ అని 1843లో ఆగస్ట్ కహూర్ తేల్చాడు. చర్మంలో అది ఆస్పిరిన్‌కు దాయాది అయిన సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. అయినా సాలిసిలేట్ పూతల పరీక్షలన్నిటినీ గుదిగుచ్చి చూసిన కాక్రేన్ సమీక్షకు గట్టి ఆధారం చిక్కలేదు. బెణుకులకు రాసే డైక్లోఫెనాక్ అనే వాపు మందు జెల్ విషయంలో చిక్కింది. మన మందుల షాపుల్లో దొరికే జెల్‌లలో డైక్లోఫెనాక్ పక్కనే 10 శాతం మిథైల్ సాలిసిలేట్, 5 శాతం మెంథాల్ ఉండటం మామూలే. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. మందు చర్మంలోకి దిగడానికి మెంథాల్ దారి వదులు చేస్తుందన్నది మాత్రం ఒప్పుకోవాలి.

మొక్కల నూనెలు ఎలుకల్లో వాపు తగ్గించాయి కదా అని ఇంకో వాదం. అక్కడ ఎలుక పాదంలోకి వాపు పుట్టించే కారాజీనన్ ఎక్కించి, కొన్ని గంటల్లో పొంగిన వాపును కొలుస్తారు. నెలల తరబడి అరిగిన మోకాలికి ఆ లెక్క అతకదు. మొక్కది గనక హాని లేదనడం అంతకన్నా అన్యాయం: ఒక్క టీస్పూను అచ్చ వింటర్‌గ్రీన్ నూనె ఇరవైకి పైగా ఆస్పిరిన్ బిళ్లలతో సమానం, పసివాళ్లు తాగితే ప్రాణం మీదికొస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ వాడేవాళ్లు ఒళ్లంతా ఈ పూత పట్టిస్తే రక్తం మరీ పల్చబడవచ్చు.