రౌండ్ రాబిన్ నుంచి రెండు చీట్ల దాకా

లోడ్ బ్యాలెన్సర్ కాన్ఫిగరేషన్‌లో పద్ధతి ఎంచుకునే లైను ఒక్కటే ఉంటుంది. మనలో చాలామందిమి దాన్ని ముట్టుకోం. డీఫాల్టుగా రౌండ్ రాబిన్ ఉందిగా, ఉండనీ అనుకుంటాం. తీరా అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగి, పది సర్వర్లలో తొమ్మిది ఖాళీగా ఉండి ఒకటి మాత్రం గిలగిల్లాడుతుంటే అప్పుడు గుర్తొస్తుంది ఆ లైను. దాని వెనక ముప్ఫయ్యేళ్ళ కథ ఉంది. ఆ కథంతా తిరగేస్తే నాకు కనిపించింది ఒకటే గొడవ: పంచేవాడికి సర్వర్ల సంగతి ఎంత తెలుసు, ఆ తెలిసింది ఎంత పాతబడింది అని.

మొదలు ఇల్లినాయ్ యూనివర్సిటీలోని ఎన్‌సీఎస్ఏలో. 1993లో మొజాయిక్ బ్రౌజర్ అక్కణ్ణుంచే బయటికొచ్చింది. బ్రౌజర్ తెరవగానే వాళ్ళ సైటే మొదటి పేజీగా వచ్చేది. ఇంకేముంది, బ్రౌజర్ ఎంత హిట్టయితే సర్వరు నెత్తిన అంత బండ. 1994 నాటికి వాళ్ళు ఒకే రకం సర్వర్లు కొన్ని పెట్టి, ఫైళ్ళన్నీ ఏఎఫ్ఎస్ ద్వారా ఒకే చోటినుంచి అందేలా చేసి, డీఎన్ఎస్ చేత వంతులవారీగా ఒక్కో అడ్రసు చెప్పించారు. 1995 ఏప్రిల్లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1794 కూడా డీఎన్ఎస్‌తో లోడు పంచడం గురించే.

పెళ్ళి బంతిలో వడ్డన లాంటిదన్నమాట. ఆకు నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా మనిషికో గరిటె. పైగా డీఎన్ఎస్ చెప్పిన అడ్రసుని అవతలివాళ్ళు దాచుకుంటారు. ఓ పెద్ద కంపెనీ డీఎన్ఎస్ ఒకసారి అడిగిందంటే, దాచుకున్న గడువు తీరేదాకా ఆ కంపెనీ జనాలంతా ఒకే సర్వరు మీద పడతారు. మధ్యలో ఆ సర్వరు చచ్చినా అటువైపే పరిగెడతారు.

అందుకే 90ల రెండో సగంలో పెట్టెలొచ్చాయి. సిస్కో లోకల్ డైరెక్టర్, ఎఫ్5 బిగ్-ఐపీ లాంటివి సర్వర్ల ముందు కూర్చుని ప్రతి కనెక్షన్నీ తామే అందుకునేవి. పెట్టె కొనే స్తోమత లేనివాళ్ళకి 1998లో చైనాలో వెన్‌సాంగ్ ఝాంగ్ మొదలుపెట్టిన లైనక్స్ వర్చువల్ సర్వర్, 2001లో విలీ టారో విడుదల చేసిన హెచ్ఏప్రాక్సీ దిక్కయ్యాయి. అంతా ఒకే గుమ్మంలోంచి పోతోంది కాబట్టి, ఎవరి దగ్గర ఎన్ని కనెక్షన్లు తెరిచున్నాయో లెక్కపెట్టొచ్చు. తక్కువున్నవాడికే తర్వాతిది. అదే లీస్ట్ కనెక్షన్స్.

వినడానికి బావుంది కదా? ఇందులో ఓ తిరకాసుంది. డేటాబేస్ కనెక్షన్ తెగిపోయిన సర్వరు ఒకటుందనుకోండి. వచ్చిన ప్రతి రిక్వెస్టుకీ రెండు మిల్లీసెకన్లలో 500 ఎర్రర్ కొట్టి పంపేస్తుంది. దాని దగ్గర ఎప్పుడూ కనెక్షన్లు తక్కువే! కాబట్టి ట్రాఫిక్ అంతా దానికే పోతుంది. పని ఎగ్గొట్టేవాడికే పని ఎక్కువ పడుతుందన్నమాట. (ఆఫీసుల్లో మాత్రం ఇది తలకిందులు :)) హెల్త్ చెక్ ఉందిగా అంటారు మీరు. ఆ చెక్ ఏదో స్టాటిక్ పేజీని పలకరించి వచ్చేదైతే ఉన్నా లేనట్టే.

షాపింగ్ కార్టులు సర్వరు మెమరీలో పెట్టుకున్న రోజుల్లో ఇంకో తలనొప్పి ఉండేది: ఒక యూజరు ప్రతిసారీ అదే సర్వరుకి వెళ్ళాలి. ఐపీ అడ్రసుని బట్టి కట్టేద్దామంటే ఏఓఎల్ యూజర్లంతా కొన్ని ప్రాక్సీల వెనకనుంచి వచ్చేవాళ్ళు. కుకీలతో ఆ గండం గట్టెక్కింది కానీ, సెషన్ని సర్వరు మెమరీలోంచి బయటికి తీసెయ్యడమే అసలు మందని నా అభిప్రాయం.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఘట్టం. 2013 ఫిబ్రవరిలో ర్యాప్ జీనియస్ వాళ్ళు, తాము డబ్బు కట్టి వాడుకుంటున్న హెరోకు మీద ఓ పెద్ద వ్యాసం రాశారు. వాళ్ళది రెయిల్స్ అప్లికేషన్; ఒక్కో ప్రాసెస్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూడగలదు. ఖాళీగా ఉన్న ప్రాసెస్‌కే హెరోకు రిక్వెస్టు పంపుతుందని వాళ్ళ నమ్మకం. డాక్యుమెంటేషన్ చెప్పిందీ అదే. జరుగుతున్నది మాత్రం కళ్ళు మూసుకుని చీటీ తీయడం. మూడు సెకన్ల రిక్వెస్టుతో కుస్తీ పడుతున్న ప్రాసెస్ వెనకే ఇంకో నలుగురు నిలబడేవాళ్ళు, పక్కన ప్రాసెస్ ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటున్నా. ఆ నిలబడ్డ టైము మానిటరింగ్ టూల్లో కూడా సరిగ్గా కనబడలేదు. హెరోకు క్షమాపణ చెప్పుకుంది.

అసలు సంగతి వాళ్ళిచ్చిన వివరణలో ఉంది. దాని ప్రకారం ఎవరో పట్టుబట్టి పాత పద్ధతిని పాడుచేయలేదు. కస్టమర్లు పెరిగేకొద్దీ రౌటర్లు పెరిగాయి. రౌటర్ ఒక్కటే ఉంటే దాని లెక్క నిజం. బోలెడు రౌటర్లుంటే ఒక్కోదానికి తను పంపినవే తెలుసు, పక్కవాడు పంపినవి తెలీదు. అలా పోనుపోను తెలివైన పద్ధతి కాస్తా చీటీ తీయడానికి దిగిపోయింది.

పోనీ రౌటర్లన్నీ లెక్కలు చెప్పుకోవచ్చుగా? ఆ కబురు అందేసరికే అది పాతబడుతుంది. ఫలానా సర్వరు ఖాళీ అన్న పాత కబురు అందరికీ ఒకేసారి చేరితే అందరూ దానిమీదే ఎగబడతారు. మైకేల్ మిట్జెన్‌మాకర్ 90ల్లోనే దీన్ని లెక్కగట్టి చూపించాడు.

దీనికి విరుగుడు ఇంకా ముందే ఉండటం విడ్డూరం. 1994లో అజార్, బ్రోడర్, కార్లిన్, అప్ఫాల్ అనే నలుగురు ఒక పేపర్ రాశారు. ఒక చీటీ బదులు రెండు తీసి, ఆ రెంటిలో తక్కువ లోడున్నదానికి పంపండి, అంతే. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లన్నీ చుట్టి రాకుండా, ఏవో రెండు క్యూలు చూసి పొట్టిదాంట్లో నిలబడటం లాంటిది. ఎన్ని సర్వర్లో అన్ని పనులు వేస్తే, ఒక చీటీతో అందరికన్నా ఎక్కువ పడ్డవాడి లోడు లాగ్ ఎన్‌ని లాగ్ లాగ్ ఎన్‌తో భాగించినంత ఉంటుంది. రెండు చీట్లతో సుమారు లాగ్ లాగ్ ఎన్ దగ్గరే ఆగిపోతుంది. అందరూ ఒకే సర్వరు మీదికి ఎగబడే బెడదా తగ్గుతుంది, ఎందుకంటే ఒక్కో బ్యాలెన్సర్‌కి వచ్చే జంట వేరు.

నా మటుకు నేను ముందు చూసేది సర్వర్లని కాదు, బ్యాలెన్సర్లు ఎన్నని. ఒక్కటే అయితే గట్టి హెల్త్ చెక్‌తో లీస్ట్ కనెక్షన్స్. రిక్వెస్టులన్నీ ఒకే పొడవుంటే రౌండ్ రాబిన్‌కీ వంక పెట్టను. బ్యాలెన్సర్లు బోలెడుంటే రెండు చీట్లే. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఈ పద్ధతి 2018లో చేరింది. పేపర్ వచ్చిన 24 ఏళ్ళకి.