ఏసీబీ ట్రాప్: చేతులు ముంచితే నీళ్లు గులాబీ రంగులోకి ఎందుకు మారతాయి?

లంచం తీసుకుంటూ దొరికిన అధికారి, ముందు టేబుల్‌పై నోట్లు, పక్కనే గులాబీ రంగు నీళ్లున్న గ్లాసులు.. ఈ ఫొటోలు అందరూ చూసినవే. ఆ రంగుకు కారణం ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి. ఇంటర్ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసినవాళ్లకు ఇది పాత పరిచయమే.

ఆమ్లంలో, మామూలు నీళ్లలో దీనికి రంగు ఉండదు. పీహెచ్ 8 దాటి క్షారం వైపు వెళ్తే గులాబీ రంగు వచ్చేస్తుంది. ట్రాప్‌కు ముందు మధ్యవర్తుల సమక్షంలో నోట్ల నంబర్లు రాసుకుని, ఈ పొడి పూసి ఫిర్యాదుదారుడికి ఇస్తారు. ఆ నోట్లు ముట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే విషయం బయటపడుతుంది. నోట్లు జేబులో పెట్టుకుంటే జేబు గుడ్డను కూడా ముంచి చూస్తారు. ఆ నీళ్లను సీసాల్లో పోసి, సీల్ వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపిస్తారు.

అయితే రంగు మారింది కాబట్టి శిక్ష ఖాయం అనుకుంటే పొరపాటే. నోట్లు చేతికి తగిలాయన్నదే దీనివల్ల తేలేది. అప్పు తిరిగిచ్చారని, బలవంతంగా జేబులో కుక్కారని నిందితులు వాదించడం మామూలే. లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు రుజువు కావాల్సిందేనని 2022 డిసెంబర్‌లో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఫిర్యాదుదారుడు చనిపోయినా, కోర్టులో మాట మార్చినా మిగతా సాక్ష్యాలతో దాన్ని నిరూపించొచ్చని కూడా స్పష్టం చేసింది.